ఛాతీ మీది మాట, మెడ వెనక లేబుల్: న్యూయార్క్‌లో అయిదు రోజులు

న్యూయార్క్ చూసొచ్చే తెలుగువాళ్ల తిరుగుడు మనకు తెలిసిందే: లిబర్టీ బొమ్మ, టైమ్స్ స్క్వేర్, సాయంత్రానికి న్యూజెర్సీ ఎడిసన్‌లో దోసె. ఈ అయిదు రోజుల దారి వేరు. నల్లజాతి అమెరికన్లు సొంతంగా పెట్టుకున్న వీధి ఫ్యాషన్ కంపెనీలు ఏ మూలల్లో పుట్టాయో, ఆ టీ షర్టుల మీద, హుడీల మీద అచ్చయిన మాటలు ఏ గొడవల్లోంచి వచ్చాయో చూసుకుంటూ పోయే దారి. షర్టు మీద రాసింది ఎవరైనా చదువుతారు. ఆ షర్టు కంపెనీ ఎవరిది, పెట్టుబడి ఎక్కడిది, అమ్మకం ఎవరి చేతిలో ఉంది అన్నవి కూడా చూస్తేనే ఆ రాతకు ఎంత బలముందో తెలుస్తుంది.

ముందు రెండు పనికొచ్చే సంగతులు. సబ్‌వే గేటు దగ్గర బ్యాంకు కార్డో ఫోనో ఆనిస్తే చాలు. 2026 జనవరి నుంచి ఒక ప్రయాణం 3 డాలర్లు. ఏడు రోజుల్లో 35 డాలర్లు అయిపోతే ఆపైన తిరుగుడంతా ఉచితం. అయితే ఒకసారి కార్డు, ఇంకోసారి అదే కార్డు ఎక్కించిన ఫోను ఆనించారంటే యంత్రం ఇద్దరు మనుషులుగా లెక్కేసుకుంటుంది, ఆ 35 ఎప్పటికీ నిండదు. ఇక బట్టల కొట్లు పదకొండుకు గానీ తెరవరు. మ్యూజియంలు చాలావరకు సోమ, మంగళవారాల్లో మూసేస్తారు. అందుకే బుధవారం మొదలుపెట్టి ఆదివారం ముగించడం మేలు.

మొదటి రోజు, బుధవారం: హార్లెమ్

మ్యాన్‌హాటన్ ఉత్తరాన నల్లజాతి వాళ్ల పాత పేట ఇది. 4, 5, 6 నంబరు రైళ్లలో ఏదెక్కినా 125వ వీధిలో దిగి పడమటికి నడవాలి. మ్యాడిసన్ అవెన్యూ దాటగానే 43 ఈస్ట్ 125వ వీధి వస్తుంది. ఆ పాత కొట్టు ఇప్పుడు లేదు. 1982లో హార్లెమ్‌లోనే పుట్టి పెరిగిన డేనియల్ డే అక్కడ బట్టల దుకాణం తెరిచాడు. ఊరంతా అతన్ని డాపర్ డాన్ అంటుంది. దుకాణం 24 గంటలూ తెరిచే ఉండేది; రాత్రి సంపాదించేవాళ్లు రాత్రే కొంటారు మరి. లోపల సెనెగల్ నుంచి వచ్చిన దర్జీలు కుట్టేవాళ్లు. పెద్ద యూరప్ కంపెనీల సరుకు అతనికి దొరికేది కాదు. దాంతో తోలు మీద రంగు నిలిచేలా స్క్రీన్ ప్రింటింగ్ తనే నేర్చుకుని, గుచ్చీ, లూయీ వితాన్, ఫెండి గుర్తుల్ని కోటు నిండా అచ్చేశాడు. ఆ కంపెనీలు అప్పట్లో ఎక్కువగా హ్యాండ్‌బ్యాగులకూ పెట్టెలకూ వేసే గుర్తులతో ర్యాపర్లకూ బాక్సర్లకూ వంటికి సరిపడా బట్టలు కుట్టిచ్చాడు.

1988 ఆగస్టులో ఒక తెల్లవారుజామున బాక్సర్లు మైక్ టైసన్, మిచ్ గ్రీన్ ఈ కొట్టు ముందే కొట్టుకున్నారు. ఆ వార్తతో దుకాణం పేరు దేశమంతా మోగింది, యూరప్ కంపెనీల లాయర్ల చెవిన కూడా పడింది. దాడులు, కేసులు, చివరికి 1992లో మూత. ఫెండి తరఫున పనిచేసిన లాయర్లలో ఒకావిడ సోనియా సోటోమేయర్. తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలిసుండాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. అమెరికాలో బట్ట మీది గుర్తుకు ట్రేడ్‌మార్క్ రక్షణ ఉంది. బట్ట కోతకు కాపీరైట్ లేదు. అంటే డాపర్ డాన్ వాడుకున్న గుర్తు నేరం. అతను కనిపెట్టిన కోతను ఎవరు ఎత్తుకుపోయినా అడిగే దిక్కు లేదు. 2017లో గుచ్చీ ఫ్లోరెన్స్ ప్రదర్శనలో ఒక జాకెట్ వచ్చింది. అతను 1980ల చివర ఒలింపిక్ పరుగుల క్రీడాకారిణి డయాన్ డిక్సన్‌కు కుట్టిన, బుడగల్లాంటి చేతులున్న బొచ్చు జాకెట్‌కు అది అచ్చు కవల. ఈసారి కోర్టు అక్కర్లేకపోయింది, సోషల్ మీడియాలో జనమే నిలదీశారు. గుచ్చీ దిగొచ్చి అతనితో పొత్తు పెట్టుకుంది. 2018లో హార్లెమ్‌లోనే అతనికి కుట్టుశాల తెరిచింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నల్లవాళ్ల మొహాన్ని వెక్కిరించేలా ఉన్న స్వెటర్ ఒకటి గుచ్చీ నుంచే వస్తే, కంపెనీ పెద్దను హార్లెమ్‌కు రప్పించి సంజాయిషీ అడిగింది కూడా అతనే. వీధిలో పలుకుబడి ఉన్నవాడు పిలిస్తే ఇటలీ కంపెనీ విమానం ఎక్కక తప్పలేదు.

అదే వీధిలో పడమటికి పోతే 144 వెస్ట్ దగ్గర నల్లజాతి కళల స్టూడియో మ్యూజియం. కళాకారుడు డేవిడ్ హామన్స్ 1990లో చేసిన జెండా ఈ మ్యూజియంకు ఆనవాలు. అమెరికా జెండా గీతలే, నక్షత్రాలే. రంగులు మాత్రం ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఆ మూడూ 1920లో నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ సంఘం ఎంచుకున్న రంగులు. టోపీల మీదా బూట్ల మీదా ఈ మూడు రంగులు కలిసి కనిపిస్తే అది అందానికి వేసిన గీత అనుకోకండి.

మధ్యాహ్నం లెనాక్స్ అవెన్యూ వెంట దక్షిణానికి తొమ్మిది వీధులు నడిస్తే 116వ వీధిలో మాల్కమ్ షబాజ్ మార్కెట్. 125వ వీధి ఫుట్‌పాత్ మీద అమ్ముకునే ఆఫ్రికన్ వ్యాపారుల్ని 1994లో నగర పాలకులు ఖాళీ చేయించి ఇటు పంపారు. నగదు పట్టుకెళ్లండి, బేరమాడండి. వాక్స్ ప్రింట్ (మైనపు అచ్చు) గుడ్డ ఆరు గజాల ముక్కగా అమ్ముతారు. తిరగేసి చూడండి: అసలు సిసలు మైనపు అచ్చు నూలు గుడ్డయితే రెండు వైపులా రంగు ఒకేలా దిగుతుంది. వెనక వెలిసిపోయినట్టుంటే ఒక వైపే అచ్చేసిన సరుకు, చాలాసార్లు పాలిస్టర్.

పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన గళ్ల గుడ్డలు చూస్తే మనకు కాస్త ఆగాలనిపిస్తుంది. ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో చీరాల పరిసరాల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు తరతరాలుగా నైజీరియాకు వెళ్లాయి. అక్కడి కలబారి జనం వాటిని పెళ్లికీ చావుకీ వాడతారు. అంతకు ముందు కోరమండల్ తీరపు నూలు గుడ్డలిచ్చి ఐరోపా ఓడలవాళ్లు ఆఫ్రికా ఒడ్డున మనుషుల్నే కొన్నారు. మన గుడ్డకు ఆ చరిత్రా ఉంది.

రెండో రోజు, గురువారం: జమైకా, క్వీన్స్

‘ఇ’ అక్షరం రైలుకు చివరి స్టేషన్ జమైకా సెంటర్. క్వీన్స్‌లోని ఈ పేటకు పర్యాటకులు రారు, హోటళ్ల ఆర్భాటం లేదు. ఈ అయిదు రోజుల్లో నేర్చుకోవడానికి ఎక్కువ ఉన్నది మాత్రం ఇక్కడే.

165వ వీధిలోని కొలీజియం మాల్‌లో 1986లో ‘షర్ట్ కింగ్స్’ అనే ముగ్గురు కుర్రాళ్లు చిన్న బూత్ పెట్టారు. రైలు పెట్టెల మీద స్ప్రే డబ్బాలతో బొమ్మలు వేసిన చేతులు టీ షర్టుల మీదికి మారాయి. కార్టూన్ బొమ్మలకు గొలుసులూ ఉంగరాలూ తొడిగి, కొన్నవాడి పేరు కింద రాసిచ్చేవాళ్లు. ఎయిర్‌బ్రష్ పని తేలిగ్గా కనిపిస్తుంది గానీ చెడిపోయే చోట్లు చాలా. షర్టు లోపల అట్ట పెట్టి బిగువుగా లాగాలి, లేకపోతే రంగు వీపు వైపుకు దిగుతుంది. సన్న గీతకు మూతిని రెండు అంగుళాల దూరంలో పట్టాలి, మెత్తటి నీడకు ఆరు అంగుళాలు. దగ్గర పెట్టి ఎక్కువ రంగు వదిలితే గీత పక్కలకు సాలీడు కాళ్లలా చీలిపోతుంది. ఆరాక ఇస్త్రీ వేడి తగలకపోతే రెండో ఉతుకుకే బొమ్మ పాలిపోతుంది.

ఇదే జమైకా అవెన్యూ మీద డేమండ్ జాన్ టోపీలు అమ్మాడు. ఇతనిది పక్కనున్న హాలిస్. గుడ్డను గొట్టంలా కుట్టి పైన తాడుతో ముడేసే టోపీ అది. దుకాణంలో 20 డాలర్లు ఉంటే, తను ఇంట్లో కుట్టి పదికే ఇచ్చాడు. ఒక్క రోజులో 800 డాలర్లు వచ్చాయి. 1992లో ముగ్గురు స్నేహితులతో కలిసి పెట్టిన కంపెనీ పేరు ఫుబు: ‘ఫర్ అస్, బై అస్’ (మన కోసం, మనమే) అన్న మాటకు పొడి అక్షరాలు. పేరే నినాదం. వేరే నినాదం అచ్చేయాల్సిన పని లేదు.

తర్వాతి లెక్కలు చిన్న కంపెనీ పెట్టాలనుకునేవాళ్లు నోట్ చేసుకోదగ్గవి. పది జెర్సీలు కుట్టి ర్యాపర్లకు వీడియో షూటింగ్‌కు ఇచ్చేవాళ్లు. షూటింగ్ కాగానే వెనక్కి తీసుకుని ఇంకొకరికి. రెండేళ్లు అవే పది. చూసేవాళ్లకు మాత్రం ఊరంతా ఫుబు వేసుకుంటున్నట్టే కనిపించింది. లాస్ వేగస్ వర్తక ప్రదర్శనలో 3 లక్షల డాలర్ల ఆర్డర్లొచ్చాయి. కుట్టడానికి డబ్బు లేదు. 27 బ్యాంకులు పొమ్మన్నాయి. డేమండ్ తల్లి ఇల్లు తాకట్టు పెట్టి లక్ష డాలర్లు తెచ్చింది. ఆ ఇంట్లోనే కుట్టు మిషన్లు దిగాయి. కొత్త కంపెనీలు సాధారణంగా ఆర్డర్లు లేక మునుగుతాయనుకుంటాం, నిజానికి చాలావాటిని ముంచేది ఇలాంటి పెద్ద ఆర్డరే: గుడ్డకూ కూలికీ ఇవాళ కట్టాలి, దుకాణం డబ్బు మూడు నెలలకు వస్తుంది. ఫుబును చివరికి గట్టెక్కించింది సామ్‌సంగ్ జౌళి విభాగం పెట్టుబడి. 1997లో గ్యాప్ అనే పెద్ద బట్టల కంపెనీ ప్రకటనలో ర్యాపర్ ఎల్.ఎల్. కూల్ జె ఫుబు టోపీ పెట్టుకుని నిలబడి, ర్యాప్‌లో ఆ నాలుగు ఆంగ్ల పదాలూ దూర్చేశాడు. గ్యాప్ ఖర్చుతో ఫుబు ప్రచారం! ఆ పైఏడు ఫుబు అమ్మకాలు ప్రపంచమంతా కలిపి 35 కోట్ల డాలర్లు.

పక్కన పెట్టి చూడాల్సింది లాస్ ఏంజెలెస్ కంపెనీ క్రాస్ కలర్స్. కార్ల్ జోన్స్, టీ.జె. వాకర్ 1989లో పెట్టారు. ‘వివక్ష లేని బట్టలు’ అన్నది వాళ్ల మాట. హింస ఆపండి, చదువుకుని ఎదగండి అని పచ్చ, పసుపు, ఎరుపుల్లో బాహాటంగా రాసేవాళ్లు. సందేశం ఫుబు కంటే ఎన్నో రెట్లు సూటి. కానీ సరుకులో పెద్ద వంతు మెర్రీ గో రౌండ్ అనే ఒకే దుకాణాల గొలుసుకు పోయేది. 1994లో అది దివాలా తీసింది, వెంటే క్రాస్ కలర్స్ కూడా మడత పెట్టాల్సి వచ్చింది. మాటల్లో లోపం లేదు, కొనేవాడు ఒక్కడే కావడం లోపం. ఆ పేరు మళ్లీ మార్కెట్లోకి రావడానికి ఏళ్లు పట్టింది.

ఓపికుంటే బస్సెక్కి హాలిస్ అవెన్యూ, 205వ వీధి మూలకు వెళ్లి రన్ డి.ఎం.సి. అనే ర్యాప్ బృందపు జామ్ మాస్టర్ జే గోడచిత్రం చూడొచ్చు.

మూడో రోజు, శుక్రవారం: బ్రూక్లిన్

జి రైలులో క్లింటన్–వాషింగ్టన్ స్టేషన్. ఒక వీధి అవతల గ్రీన్ అవెన్యూ. ఏప్రిల్ వాకర్ 1980ల చివర ఇక్కడ ‘ఫ్యాషన్ ఇన్ ఎఫెక్ట్’ అనే కుట్టు దుకాణం పెట్టింది. స్ఫూర్తి డాపర్ డాన్ కొట్టే. వచ్చిన కుర్రాళ్లంతా ఒకటే అడిగేవాళ్లట: జేబులు లోతుగా, ప్యాంటు కింది పట్టు వదులుగా. దుకాణాల ప్యాంట్లు వాళ్ల నడకకూ వంటికీ కుట్టినవి కావు. ఆ కొలతల్నే స్థిరం చేసి ఆమె ‘వాకర్ వేర్’ తెచ్చింది. మగవాళ్ల వీధి దుస్తుల్లో ఆడవాళ్ల పేరు వినపడని రోజులవి. వదులు ప్యాంటును చూసి ‘రౌడీ వేషం’ అన్నవాళ్లు ఈ కొలతల లెక్క ఎప్పుడూ అడగలేదు.

బోరమ్ హిల్‌లో నెవిన్స్ వీధి మీద ‘ది బ్రూక్లిన్ సర్కస్’. హైతీ మూలాలున్న విజీ థియోడోర్ 2006లో తెరిచాడు. తన కంపెనీకి వందేళ్ల ప్రణాళిక అంటాడు. కాలేజీ జాకెట్లు ఇక్కడి ప్రత్యేకత: ఉన్ని ఒళ్లు, తోలు చేతులు, ఛాతీ మీద బొచ్చు అక్షరం. అక్షరం అంచు పట్టుకుని చూడండి. ఆ బొచ్చంతా గొలుసు కుట్టు. ఒక పోగు బయటికొచ్చి ఉంటే లాగొద్దు, వరసంతా జారిపోతుంది. కత్తెరతో కత్తిరించాలి, అంతే.

మధ్యాహ్నం ఎ గానీ సి గానీ ఎక్కి యుటికా అవెన్యూలో దిగితే, పది నిమిషాల నడకలో వీక్స్‌విల్. 1838లో జేమ్స్ వీక్స్ అనే నల్లజాతి రేవు కూలీ అక్కడ నేల కొన్నాడు; న్యూయార్క్ రాష్ట్రంలో ఓటు కావాలంటే నల్లవాడికి 250 డాలర్ల ఆస్తి ఉండాలన్న రోజులు. అలా ఒక ఊరే లేచింది. ఆ ఊరి పాత చెక్క ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలిచున్నాయి. లోపల చూపించే టైములు ముందే బుక్ చేసుకోవాలి.

2018 సెప్టెంబరులో ‘పైయర్ మాస్’ బట్టల కంపెనీ అధినేత కెర్బీ జీన్ రేమండ్ తన ఫ్యాషన్ షోను మ్యాన్‌హాటన్ నుంచి ఇక్కడికి తెచ్చాడు. ఆ ఏడాది పార్కులో మాంసం కాల్చుకుంటున్నా, కాఫీ హోటల్లో కూర్చున్నా నల్లవాళ్ల మీద పోలీసులకు ఫోన్లు వెళ్లాయి. ‘మా సంస్కృతి మీద 911కి (పోలీసుల నంబరు) ఫోన్లు ఆపండి’ అన్న టీ షర్టు ఈ షోలోదే. ఫుబుతో కలిసి చేసిన బట్టలూ అందులో ఉన్నాయి. ఆ షో బట్టలకు మూలం ‘గ్రీన్ బుక్’: పోస్ట్‌మన్ విక్టర్ గ్రీన్ 1936 నుంచి అచ్చేసిన ప్రయాణ దర్శిని. నల్లవాళ్లను ఏ ఊళ్లో ఏ హోటల్ రానిస్తుందో, ఏ బంకులో పెట్రోలు పోస్తారో అందులో ఉండేది. దారి తెలియకపోతే ప్రాణం మీదికొచ్చే ప్రయాణాలు మరి. అంతకు మూడేళ్ల ముందు, 2015లో, పోలీసు హింస వీడియోతో షో మొదలుపెట్టినప్పుడు కెర్బీకి దక్కింది చప్పట్లు మాత్రమే కాదు, బెదిరింపులు కూడా.

నాలుగో రోజు, శనివారం: సోహో, కెనాల్ వీధి

176 స్ప్రింగ్ వీధిలో ‘ఆఫ్రికన్ డయాస్పొరా గూడ్స్’, అంటే డెనిమ్ టియర్స్ దుకాణం. యజమాని ట్రెమేన్ ఎమరీ పెరిగింది రెండో రోజు తిరిగిన జమైకాలోనే. మొదటి ఆఫ్రికన్ బందీలు వర్జీనియాలో దిగిన 1619కి సరిగ్గా 400 ఏళ్లకు, 2019లో, కంపెనీ మొదలైంది. మరుసటి ఏడాది లీవైస్ జీన్స్ మీద వచ్చిన గుర్తు జగమంతా పాకింది: పగిలిన పత్తికాయల దండ. వరంగల్ వాళ్లకో గుంటూరు వాళ్లకో చెప్పనక్కర్లేదు, దూరం నుంచే అది పత్తి అని పట్టేస్తారు. ఇక్కడ మాత్రం తెల్లపువ్వు అనుకుని కొనేవాళ్లున్నారు. బానిసలు ఏరిన పత్తి, ఆ పత్తితోనే నేసిన డెనిమ్, దాని మీద చనిపోయినవాళ్లకు పెట్టే దండ. ఒక్క అక్షరం లేదు.

కొనేముందు అచ్చును దగ్గరగా చూడండి. నల్ల గుడ్డ మీద లేత రంగు నిలవాలంటే కింద ముందు తెల్ల పూత వేసి, పైపైన వేడి తగిలించి, ఆపై అసలు రంగు లాగాలి. బట్ట మీద అచ్చుకు వాడే ప్లాస్టిసాల్ సిరా పూర్తిగా ఉడకాలంటే సుమారు 160 డిగ్రీల సెల్సియస్ తగలాలి. తక్కువైతే కొన్నప్పుడు బాగానే ఉండి నాలుగు ఉతుకులకు బీటలిస్తుంది. అచ్చు ఉన్నచోట గుడ్డను రెండు బొటనవేళ్లతో మెల్లగా సాగదీసి వదలండి. సిరా గుడ్డతోపాటు సాగి వెనక్కి రావాలి. పాలిస్టర్ కలిసిన ఎర్ర హుడీ మీద తెల్ల అక్షరం గులాబీ రంగుకు తిరిగిందంటే, వేడికి గుడ్డ రంగు సిరాలోకి ఎక్కిందన్నమాట. దానికి మందు లేదు. గుడ్డ బరువు చదరపు మీటరుకు 180 గ్రాములుంటే మామూలు టీ షర్టు, 220 దాటితే భుజం మీద నిలబడే రకం. ఉతికేటప్పుడు తిరగేసి, చన్నీళ్లలో. ఇస్త్రీ పెట్టె అచ్చు మీద పడితే అంటుకుపోతుంది.

ఇక మెడ వెనక లేబుల్. అమెరికా చట్టం ప్రకారం అందులో గుడ్డలో ఏ పోగు ఎంత శాతమో, కుట్టిన దేశం, కంపెనీ పేరు లేదా ‘ఆర్.ఎన్.’ నంబరు ఉండి తీరాలి. ఆ నంబరును ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో కొడితే ఏ కంపెనీ పేరున నమోదైందో ఉచితంగా చూపిస్తుంది. కెనాల్ వీధి ఫుట్‌పాత్ దుప్పట్ల మీద ఇదే దండ, ఇవే గుర్తులు పావు ధరకు కనిపిస్తే ముందు ఈ లేబుల్ వెతకండి.

కెనాల్ దాటగానే 408 బ్రాడ్‌వే, టెల్ఫార్ దుకాణం. లైబీరియా మూలాలున్న టెల్ఫార్ క్లెమెన్స్ 2005లో పెట్టిన కంపెనీ. ‘నీ కోసం కాదు, అందరి కోసం’ అన్నది దాని మాట. మాట అందరూ అంటారు, ఇతను అమ్మే పద్ధతినే దానికి తగ్గట్టు మార్చాడు. అతని హ్యాండ్‌బ్యాగు సంచులు క్షణాల్లో అయిపోయి దళారీల చేతిలో రెట్టింపు ధరకు తేలుతుంటే, 2020 ఆగస్టులో ఒక రోజంతా ఎవరికెన్ని కావాలంటే అన్ని ఆర్డర్ చేసుకోనిచ్చాడు. డబ్బు ముందు, సంచి నెలల తర్వాత. కుట్టుకు పెట్టుబడి కొన్నవాళ్ల నుంచే వచ్చింది. ఫుబు కోసం డేమండ్ తల్లి ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చిన లోటును ఇది సరిగ్గా పూడుస్తుంది. 2023లో ఇంకో వింత చేశాడు: కొత్త బట్టల్ని టోకు ధరకు మొదలుపెట్టి, అమ్ముడయ్యేదాకా ధర పెరుగుతూ పోనిచ్చాడు, ఎంత త్వరగా అయిపోతే దాని ధర శాశ్వతంగా అంత తక్కువ.

పన్ను: న్యూయార్క్‌లో ఒక్కో బట్ట 110 డాలర్ల లోపుంటే అమ్మకపు పన్ను లేదు. 110 అయిందా, 8.875 శాతం. బిల్లు మొత్తం కాదు, ఒక్కో వస్తువు లెక్క. టోపీ బట్ట కిందికొస్తుంది, హ్యాండ్‌బ్యాగు రాదు. 200 డాలర్ల సంచికి 17.75 అదనంగా పెట్టుకోవాలి.

అయిదో రోజు, ఆదివారం: పొద్దున మ్యూజియం, తర్వాత ఫిఫ్త్ అవెన్యూ

27వ వీధిలో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం, టికెట్ లేదు. హిప్ హాప్ దుస్తుల యాభై ఏళ్ల మీద 2023లో ప్రదర్శన పెట్టింది వీళ్లే. ప్రదర్శనలు మారుతుంటాయి, వెళ్లేముందు చూసుకోండి. తూర్పున 91వ వీధిలోని కూపర్ హ్యూయిట్ 2020లో విల్లీ స్మిత్ మీద పెద్ద ప్రదర్శన చేసింది. వీధి దుస్తులన్న మాట వాడుకలోకి రాకముందే, 1976లో, విల్లీవేర్ అనే బట్టల కంపెనీ పెట్టిన మనిషి. దాని మొదటి విడత బట్టలు కుట్టింది మన ముంబైలోనే, మన నూలుతోనే.

ఆఖరి నడక ఫిఫ్త్ అవెన్యూ వెంట దక్షిణానికి. 1917 జులై 28న సుమారు పదివేల మంది నల్లవాళ్లు ఇదే వీధిలో నోరు మెదపకుండా నడిచారు. ఈస్ట్ సెయింట్ లూయిస్ ఊచకోతకు నిరసన అది. పిల్లలూ ఆడవాళ్లూ తెల్లబట్టలు, వెనక మగవాళ్లు ముదురు సూట్లు, చేతుల్లో అట్టల మీద మాటలు, గుడ్డ కప్పిన డోళ్ల చప్పుడు. ఎవరేం వేసుకోవాలో ముందే తీర్మానించుకున్నారు.

14వ వీధి మూలకు వచ్చి తలెత్తండి. 69 ఫిఫ్త్ అవెన్యూ. నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. కార్యాలయం ఇక్కడుండేది. దేశంలో ఎక్కడైనా నల్లవాడిని గుంపు కొట్టి చంపిందన్న కబురు రాగానే కిటికీలోంచి నల్ల జెండా వేలాడదీసేవాళ్లు. దాని మీద తెల్లటి మందపాటి అక్షరాలు: ‘నిన్న ఒక మనిషిని గుంపు కొట్టి చంపింది.’ అక్షరాల పరిమాణం, నలుపు మీద తెలుపు, అలంకారం లేకపోవడం చూస్తే నిన్న సోహోలో మడత విప్పిన టీ షర్టే గుర్తొస్తుంది. ఆ జెండా ఇప్పుడు వాషింగ్టన్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. కార్యాలయం అద్దెది. 1938లో ఇంటి యజమాని జెండా దించకపోతే ఖాళీ చేయాలన్నాడు. దించారు.